పంపు లేకుండా 90 మీటర్ల ఫౌంటెన్: చాట్స్‌వర్త్ తోటలో నీళ్ల లెక్క

[దృశ్యం: పొడవాటి కొలనులోంచి ఎగసే నీటి ధార, వెనక బంగళా]

ఇది ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్. ఎదురుగా ఉన్నది డెవన్‌షైర్ డ్యూకుల చాట్స్‌వర్త్ హౌస్. 1552లో ఆ డ్యూకుల పూర్వీకురాలు బెస్ ఆఫ్ హార్డ్‌విక్ ఇక్కడ ఇల్లు మొదలుపెట్టింది. దాన్ని 1687 నుంచి 1707 దాకా మొదటి డ్యూక్ దాదాపు తిరగగట్టించాడు. గదులు, పెయింటింగుల సంగతి ఇంకోసారి. అసలు పనితనం బయట ఉంది. ఈ ఫౌంటెన్‌కి మోటారు లేదు, పంపూ లేదు.

[దృశ్యం: కొండ మీది చెరువు]

ఇంటికంటే సుమారు 110 మీటర్ల ఎత్తున, కొండ మీద 8 ఎకరాల చెరువుంది. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని ఆరో డ్యూక్ తన హెడ్ గార్డెనర్ జోసెఫ్ పాక్స్‌టన్‌తో తవ్వించాడు. రాత్రిళ్లు కూడా దివిటీలు పెట్టి, ఆరు నెలల్లో పూర్తిచేశారు. 1844కల్లా ఫౌంటెన్ సిద్ధం. చక్రవర్తి మాత్రం రాలేదు!

[తెర మీద: 10 మీటర్ల నీటి ఎత్తు = సుమారు 1 బార్ (ఒత్తిడి కొలమానం)]

మేడ మీది ట్యాంకు నీళ్లు కింది అంతస్తు కుళాయిలో జోరుగా వస్తాయి కదా, ఇక్కడా అదే సూత్రం. 110 మీటర్ల ఎత్తు అంటే దాదాపు 11 బార్ల ఒత్తిడి. అయినా ధార 110 మీటర్లు లేవదు. గొట్టంలో రాపిడి కొంత, బయటికొచ్చాక గాలి కొంత తినేస్తాయి. నమోదైన ఎత్తు 90 మీటర్లు. అంత లేవాలంటే నాజిల్ (ధార బయటికొచ్చే మూతి) దగ్గర నీటి వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటాలి. ధార అలా లేస్తుండగా వాల్వు టక్కున కట్టేస్తే, కొండ పొడవునా కదులుతున్న నీరంతా ఒక్కసారి ఆగి, ఒత్తిడి పెరిగి గొట్టం అతుకులు పగలొచ్చు. అందుకే నిదానంగా తిప్పాలి. వానల్లేని వేసవిలో చెరువు మట్టం పడిపోతే ఫౌంటెన్ ఆపేయడమే.

ఇదే నీటితో 1893 నుంచి 1936 దాకా ఇంటికి కరెంటు తీశారు. 1988లో మళ్లీ టర్బైన్ బిగించారు.

[దృశ్యం: మెట్ల మీదుగా దిగే నీరు, దగ్గరగా]

ఇది కాస్కేడ్, ఫౌంటెన్‌కంటే సుమారు 150 ఏళ్లు పాతది. 24 మెట్ల వరసలు, ఒక్కోదాని కొలత ఒక్కోలా ఉంటుంది. పక్కనే నడుచుకుంటూ దిగండి, నీటి చప్పుడు మారడం తెలుస్తుంది. రాళ్ల సందుల్లోంచి నీరు కారిపోవడం దీని జబ్బు. వెళ్లేముందు మరమ్మతులేమైనా నడుస్తున్నాయేమో చూసుకోండి.

[దృశ్యం: ఎండిన పచ్చిక, పైనుంచి]

2018 ఎండలకు ఈ పచ్చికలో పాత పూలమళ్ల గీతలు తేలాయి. 1699 నాటి తోట అది, తర్వాత గడ్డి కింద పోయింది. ఆ ఆకారం మీద మొలిచిన గడ్డికి వేళ్లు లోతుకు దిగవు, కాబట్టి ముందు అదే మాడింది.

[దృశ్యం: మేజ్, అంటే చెట్ల కంచెల మధ్య దారి వెతుక్కునే చిక్కుదారుల తోట]

ఇక్కడ 1841కల్లా పాక్స్‌టన్ మొక్కల కోసం కట్టిన భారీ గాజు ఇల్లుండేది. దాన్ని వెచ్చగా ఉంచడానికి 8 బాయిలర్లు, బోలెడు బొగ్గు. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు దొరక్క లోపలి మొక్కలు చచ్చిపోయాయి. 1920లో డైనమైట్ పెట్టి కూల్చేశారు. అన్నట్టు, కావెండిష్ అరటికి ఆ పేరు ఈ డ్యూకుల ఇంటిపేరే. 1830ల్లో పాక్స్‌టన్ ఇక్కడ పెంచిన మొక్క నుంచి వచ్చింది. అనంతపురం, కడప రైతులు వేసే జి-9 అరటి రకం ఆ గుంపులోదే. ఆ గాజు ఇంటి స్థలంలో ఇప్పుడున్నది 1962లో నాటిన ఈ ‘యూ’ అనే చెట్ల మేజ్.