ఏడింటికే వడ్డించిన అర్ధరాత్రి విందు

శ్రోతలందరికీ నమస్కారం.

నేను వైద్యం చదువుకున్నది ఫిలిప్పీన్స్‌లో. ఆ దేశానికి దక్షిణాన మిందనావ్ అనే పెద్ద ద్వీపం ఉంది, అందులో దావావో నగరం. మన వైపు నుంచి అక్కడికి వెళ్లి చదివే పిల్లలు ఎంతమందో గుంటూరు, విజయవాడ, వరంగల్ తల్లిదండ్రులకు నేను చెప్పనక్కర్లేదు. నేను అద్దెకున్న ఇంటి పక్క వాటాలో ఇద్దరు కుర్రాళ్లు ఉండేవారు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జి. లేటర్ డే సెయింట్స్ అనే చర్చికి మిషనరీలు. జనం వాళ్లను మార్మన్లు అంటారు. ఒకడిది అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బంగాళదుంపలు పండించే రైతుల ఇల్లు. రెండోవాడిది ఫిలిప్పీన్స్‌లోనే, ఇలోయిలో అనే ఊరు. 2012 డిసెంబరు నెలంతా వాళ్ల పక్కనే గడిపాను. పండగ రోజుల్లో పరాయి ఊళ్లో ఉన్న పిల్లల్ని ఏది నిలబెడుతుందో నాకు అప్పుడే తెలిసింది. ఆ సంగతి చెబుదామనే ఈరోజు మీ ముందుకొచ్చాను.

ముందు వాళ్ల దినచర్య. పొద్దున ఆరున్నరకు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. తర్వాత చదువు: ఎవరిది వాళ్లు కాసేపు, ఇద్దరూ కలిసి కాసేపు, ఐడహో అబ్బాయికి భాష కోసం ఇంకాస్త. దావావోలో మాట్లాడేది సెబువానో, అక్కడివాళ్లు బిసాయా అంటారు. పది దాటాక వీధిలోకి వస్తే మళ్లీ రాత్రి తొమ్మిదికి, మరీ తప్పకపోతే తొమ్మిదిన్నరకు గది చేరాలి. పదిన్నరకు దీపం ఆర్పాలి. టీవీ లేదు, సినిమా లేదు, ప్రేమ వ్యవహారాలు అసలే లేవు. ఒకరిని విడిచి ఒకరు ఎక్కడికీ వెళ్లకూడదు. జీతం ఉండదు, ఖర్చు తమదో తమ ఇంటివాళ్లదో. మగపిల్లలకు రెండేళ్లు, ఆడపిల్లలకు ఏడాదిన్నర ఇలాగే గడుస్తుంది. అప్పటిదాకా మగపిల్లలకు 19, ఆడపిల్లలకు 21 ఏళ్లు నిండితేనే పంపేవారు. ఆ 2012 అక్టోబరులోనే దాన్ని 18కి, 19కి తగ్గించారు. ఇవాళ ప్రపంచం మొత్తం మీద ఇలాంటి పిల్లలు 70 వేలకు పైగా ఉన్నారు.

ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఇంట్లోకి ఆ అబ్బాయిలు అడుగు పెట్టరు. అందుకని నాతో మాటలన్నీ గేటు దగ్గరే, లేదంటే మా ఇంటావిడ వరండాలో, ఆవిడ భర్త ఉన్నప్పుడు. ఇంటావిడను అందరూ నానాయ్ అనేవారు, అంటే అమ్మ. ఆయన తాతాయ్, అంటే నాన్న. ఇద్దరూ గట్టి క్యాథలిక్కులు. నేనేమో వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని దీపం వెలిగించుకునేదాన్ని. ఆ కుర్రాళ్లు తమ పుస్తకం ఒకసారి ఇవ్వబోయారు, నేను వద్దన్నాను, సరే అక్కా అన్నారు. ఆ తర్వాత మా స్నేహానికి ఆ పుస్తకం ఎన్నడూ అడ్డు రాలేదు.

ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ సెప్టెంబరు ఒకటినే మొదలవుతుంది. ఆ నెల నుంచే షాపుల్లో క్రిస్మస్ పాటలు మోగుతాయి, వెదురుబద్దలతో కాగితంతో చేసిన నక్షత్రాలు కిటికీలకు వేలాడతాయి. పరోల్ అంటారు వాటిని. అసలు హడావిడి డిసెంబరు 16న. ఆ రోజు నుంచి 24 దాకా తొమ్మిది రోజులు, తెల్లవారక ముందే చర్చిలో పూజ. స్పెయిన్ వాళ్ల కాలంలో పొలానికి వెళ్లే రైతులకు వీలుగా ఆ వేళ పెట్టారని చెబుతారు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. మనకూ ధనుర్మాసం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే కదా! చీకటితో లేవడం, చలిలో గుడికి నడవడం, తిరుప్పావై, వేడివేడి పొంగలి ప్రసాదం. అక్కడ చర్చి బయట కొబ్బరిపాలు, అల్లం వేసి ఉడికించిన జిగురు బియ్యం అన్నం, పుతో మాయా అంటారు, దాని పక్కన చిక్కటి చాక్లెట్ పానీయం సిక్వాతె. చలి లేదన్నమాటే గాని ఆ అల్లం వాసనకు మా ఊరి రామాలయం కళ్లముందు మెదిలేది.

మా కుర్రాళ్లు ఆ పూజకు వెళ్లేవాళ్లు కారు, వాళ్ల సంప్రదాయం వేరు. కానీ వీధి మొత్తం మూడింటికే లేచి తిరుగుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది? నానాయ్ చర్చి నుంచి వస్తూ రెండు పొట్లాలు ఎక్కువ తెచ్చి వాళ్ల గడియకు తగిలించేది. వాళ్లు టీ, కాఫీ ముట్టరు, అది వాళ్ల మత నియమం. మొదట్లో నేను అల్లం టీ పెట్టి ఇస్తే ఇద్దరూ ఎంతో మర్యాదగా వద్దన్నారు. ఇంటికొచ్చినవాళ్లకు టీ ఇవ్వకుండా పంపడం మనకెంత కష్టమో మీకు తెలుసు. ఆ లోటు సిక్వాతె తీర్చింది.

ఆ ఏడాది డిసెంబరు అలా పండగలా మాత్రమే గడవలేదు. నాలుగో తారీఖున పాబ్లో తుఫాను మిందనావ్ తూర్పు తీరాన్ని కొట్టింది. దావావో నగరం చాలావరకు తప్పించుకుంది గానీ దావావో ఓరియెంటల్, కొంపోస్టెలా లోయ నేలమట్టమయ్యాయి. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ ప్రాంతానికి తుఫాన్లు అలవాటు లేదు. తుఫాన్లు ఎక్కువగా ఉత్తరాన లూజాన్, విసాయాస్ ద్వీపాలను కొడతాయి. కొండల మీద నుంచి బురద, బండరాళ్లు న్యూ బతాన్ ఊరి మీదకు వచ్చి పడ్డాయి. దివిసీమ ఉప్పెన గురించి మా అమ్మమ్మ చెబుతుండగా పెరిగినదాన్ని, ఆ ఫొటోలు చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నగరంలో బియ్యం, సార్డిన్ చేపల డబ్బాలు, నూడుల్స్ సంచుల్లో కట్టే పని వారాల తరబడి సాగింది. మా పక్కింటి అబ్బాయిలూ టై విప్పి పసుపు కోటు తొడుక్కుని సంచులు మోశారు. ఐడహో అబ్బాయి పొలంలో పెరిగినవాడు, పాతిక కిలోల బస్తా భుజాన వేసుకుని నడవడం వాడికి లెక్కే కాదు. వాడి ముఖంలో బెంగ తగ్గి వెలుగు రావడం నేను ఆ రోజుల్లోనే చూశాను. చేతులకు పని, ఆ పని వల్ల ఎవరికో అన్నం. పండగకు ముందు ఆ పిల్లాడికి అంతకన్నా మంచి మందు ఏ డాక్టరూ రాయలేడు.

ఇక బెంగ సంగతి. ఐడహో అబ్బాయి కంటే ఇలోయిలో అబ్బాయికే కష్టం ఎక్కువ. ఇది చాలామంది గమనించరు. ఐడహో వాడికి దావావోలో క్రిస్మసే కొత్త. మంచు లేదు, చెమట కారుతోంది, పిల్లలు సోడామూతలు తీగకు గుచ్చి తాళం వేస్తూ గేటు ముందు పాడుతున్నారు. వాడికి ఇది ఒక వింత, రోజూ ఏదో ఒకటి నేర్చుకుంటున్నాడు. ఇలోయిలో వాడికి అన్నీ తెలిసినవే. అదే పాట, అదే నక్షత్రం. అన్నీ ఉండి ఇల్లొక్కటే లేదు. విమానం ఎక్కితే అరపూటలో చేరగలిగే ఊరు, కానీ రెండేళ్లు నిండేదాకా వెళ్లకూడదు. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని వాడు తన తమ్ముడు ఆ ఏడాది ఎంత ఎత్తు పెరిగి ఉంటాడో చెయ్యి పెట్టి చూపించాడు. చెయ్యి కాస్త పైకి జరిపాడు, మళ్లీ కిందికి దించాడు. నేను గుంటూరుకు ఎప్పుడంటే అప్పుడు ఫోన్ చేసుకునేదాన్ని. వాళ్లకు అది లేదు. వారానికోసారి సోమవారం సెలవు పూట ఈమెయిల్ రాసుకోవాలి. ఫోన్ మాత్రం ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకు ఒకటి.

ఆ సోమవారాలు చూడాలి. బట్టలు ఉతకడం, సంతకు వెళ్లడం, జుట్టు కత్తిరించుకోవడం, ఉత్తరాలు రాయడం అన్నీ ఆ ఒక్కరోజే, అదీ సాయంత్రం ఆరు దాకానే. పెద్ద ప్లాస్టిక్ తొట్టి ముందు పీట వేసుకుని ఐడహో వాడు తెల్లచొక్కాల కాలర్లు రుద్దుతుంటే తాతాయ్ పక్కన నిలబడి, అలా కాదు, ఇలా, అని చూపించేవాడు. తర్వాత ఇద్దరూ వీధి చివర ఒక్కో పెసో బిళ్ల వేస్తే కొన్ని నిమిషాలు నడిచే కంప్యూటర్ కొట్టుకు వెళ్లేవారు. బిళ్లలు అయిపోతే ఉత్తరం ఆగిపోతుంది. అందుకని ముందే కాగితం మీద రాసుకుని వెళ్లేవాళ్లు.

గుంటూరు దానిని కాబట్టి ఇక్కడ ఒకావిడను తలుచుకోకుండా ఉండలేను. అన్నా కుగ్లర్. 1883 నవంబరు చివర్లో అమెరికా నుంచి గుంటూరు చేరేనాటికి ఆవిడకు 27 ఏళ్లు. డాక్టరు చదువు చదివి వచ్చింది, కానీ పంపిన సంఘం ఆవిడను వైద్యానికి పంపలేదు, ఆడవాళ్లకు, ఆడపిల్లలకు చదువు చెప్పే పని అప్పగించింది. అయినా పనిముట్లు, మందులు వెంట తెచ్చుకుంది. అడిగినవాళ్లకు వైద్యం చేస్తూనే ఉంది. నెల తిరక్కుండానే మొదటి క్రిస్మస్. ఇంటి ఉత్తరం ఓడలో వారాల తరబడి ప్రయాణించి రావాలి. 1897లో ఆసుపత్రి కట్టించింది, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మన దగ్గర ఎన్ని ఇళ్లలో ఆ ఆసుపత్రిలో పుట్టిన వాళ్లున్నారో! ఆ మొదటి డిసెంబరులో భాష రాని ఆ అమ్మాయిని ఏ గుంటూరు ఇల్లాలు కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటుందా అని దావావోలో ఉండగా చాలాసార్లు అనుకున్నాను.

డిసెంబరు 24కి వద్దాం. ఆ ఏడు అది సోమవారం. ఫిలిప్పీన్స్‌లో ఆ రాత్రి పన్నెండింటికి, చర్చి నుంచి వచ్చాక, ఇంటిల్లిపాదీ కలిసి భోంచేస్తారు. నోచే బుయెనా అంటారు. ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద భోజనం అదే. పందిమాంసం హామ్, ఎర్రటి మైనం పూత ఉన్న గుండ్రటి చీజు, తియ్యటి స్పగెటీ, నూడుల్స్, పళ్ల సలాడ్. ఆ కుర్రాళ్లేమో తొమ్మిదికి గదిలో ఉండాలి. వాళ్ల చర్చివాళ్ల ఇళ్లలో వేరే పిలుపులు ఉన్నాయి గానీ నానాయ్ ఒప్పుకోలేదు. నా గడప పక్కన ఉన్న పిల్లలు పండగ రాత్రి బ్రెడ్డు తిని పడుకుంటారా అంది. నలభై ఏళ్లుగా అర్ధరాత్రి వడ్డించిన మనిషి ఆ రోజు భోజనాన్ని సాయంత్రం ఏడింటికి జరిపింది. కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు అందరూ ఏడింటికే రావాలని కబురు పంపింది. ఒక అల్లుడు సణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు.

నన్నూ పిలిచింది. అక్కడ కరివేపాకు దొరకదు, అది లేకుండానే అక్కడి చిన్న నిమ్మకాయలు, కలమాన్సీలు పిండి, వేరుశనగలు, ఎండుమిరపకాయలతో పోపు పెట్టి పులిహోర కలిపి తీసుకెళ్లాను. ఐడహో అబ్బాయి చెవులు ఎర్రబడేలా తిన్నాడు. ఇలోయిలో అబ్బాయి వంటింట్లోకి వెళ్లి నానాయ్‌కి గిన్నెలు తోమిపెట్టాడు. ఆవిడ వద్దంటున్నా వినలేదు. మా అమ్మ దగ్గర ఈ రాత్రి నా పని ఇదే అన్నాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా తాతాయ్ గోడగడియారం చూపించాడు, ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లం అర్ధరాత్రి పూజకు వెళ్లొచ్చి మళ్లీ తిన్నాం.

మర్నాడు ఫోన్లు. దావావోలో ఉదయం ఎనిమిదైతే ఐడహోలో వాళ్ల ఊళ్లో ముందురోజు సాయంత్రం ఐదు. నానాయ్ హాల్లో ఉన్న కంప్యూటర్ ముందు ఆ అబ్బాయి టై సర్దుకుని కూర్చున్నాడు. తెర మీద అమ్మ, నాన్న, చెల్లెళ్లు, వెనకాల మంచు పడుతున్న కిటికీ. ఉన్నట్టుండి వాడు తల్లికి బిసాయాలో జవాబు చెప్పాడు! ఆవిడ తెల్లబోయింది, వాడికి ఇంగ్లీషు మాట వెంటనే రాలేదు. తర్వాత అందరూ నవ్వారు. ఏం తింటున్నావని అడిగింది. మా అమ్మా రోజూ ఫోన్ ఎత్తగానే అడిగేది అదే. వాడు నానాయ్‌ను పిలిచి కెమెరా ముందు నిలబెట్టాడు. ఇద్దరు తల్లులకూ ఉమ్మడి భాష అంతంతమాత్రమే. నానాయ్ రెండు చేతులతో ఒక పెద్ద పళ్లెం గీసి చూపించి, ఈటింగ్, ఈటింగ్, మెనీ రైస్ అంది. ఐడహో అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇలోయిలో అబ్బాయి తన వంతు వచ్చినప్పుడు సెల్‌ఫోన్ తీసుకుని పెరట్లో అరటిచెట్టు దగ్గరకు వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో మేం వినలేదు.

దావావోలో టపాకాయలు కాల్చడం నిషేధం, ఏళ్ల నుంచీ గట్టిగా అమలవుతోంది. అందుకని కొత్త సంవత్సరం రాత్రి బూరలు ఊదుతారు, గిన్నెలు మోగిస్తారు. గుండ్రటి పళ్లు పన్నెండు రకాలు బల్ల మీద పెడతారు, గుండ్రటి చుక్కల బట్టలు వేసుకుంటారు, పన్నెండు కొట్టగానే పిల్లలు ఎత్తు పెరగాలని ఎగురుతారు. ఆ మోత మధ్య మా కుర్రాళ్లు పదిన్నరకే దీపం ఆర్పేశారు. జనవరిలో ఐడహో అబ్బాయికి వేరే ఊరికి బదిలీ వచ్చింది. వాళ్లకు బదిలీలు ఆరేసి వారాలకు ఒకసారి చూస్తారు.

2019 ఫిబ్రవరిలో ఆ చర్చి నియమం మార్చింది. ఇప్పుడు మిషనరీలు వారానికోసారి ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు, వీడియోలో చూసుకోవచ్చు. ఏడాదికి రెండు ఫోన్లయితే మనసు పని మీద నిలుస్తుందని వాదించేవాళ్లు అప్పట్లో ఉండేవారు. నేను ఆ మాట ఏనాడూ ఒప్పుకోలేదు. తమ్ముడి ఎత్తు చేత్తో కొలిచిన ఆ అబ్బాయికి వారం వారం తమ్ముడు కనబడి ఉంటే పనేమీ చెడేది కాదు, ఇంకా బాగా చేసి ఉండేవాడు.

మన హైదరాబాద్‌లో, విశాఖలో, రాజమండ్రిలో కూడా ఈ చర్చి ఉంది. భారతదేశంలో వాళ్ల మొదటి స్టేక్, అంటే కొన్ని చర్చిలు కలిసిన మండలి, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. నల్ల బ్యాడ్జితో ఇద్దరిద్దరుగా నడిచే పిల్లలు ఈ వారం మీ వీధిలోనూ కనబడవచ్చు. వాళ్ల మతం మీకు అక్కర్లేకపోవచ్చు, ఆ మాట మర్యాదగా చెప్పేయండి. భోజనానికి మాత్రం పిలవండి. టీ, కాఫీ వద్దు, పాలో రాగిజావో ఇవ్వండి. ఇంట్లో మగవాళ్లు లేకపోతే అబ్బాయిలు లోపలికి రారు, వరండాలో కుర్చీలు వేయండి. రాత్రి తొమ్మిదిలోపు గది చేరేలా పంపించండి.

నమస్కారం.