దించిన తీగను తిరిగి నిలబెట్టేది స్ప్రింగే: పెడల్ స్టీల్ గిటారు సర్దుబాటు

అందరికీ నమస్కారం. విజయనగరంలో గంటస్తంభానికి కొంచెం దూరంలో ఉన్న మా మేడగదిలో ఈ వీడియో తీస్తున్నాను. బల్ల మీద బోర్లించి ఉన్నది పది తీగల పెడల్ స్టీల్ గిటారు. వాయిస్తూనే కాలి పెడళ్లతో, మోకాలి లీవర్లతో తీగల శ్రుతిని మార్చే వాయిద్యం ఇది. దీనిలో తీగ శ్రుతిని దించే ఏర్పాటును ఎలా సరిచేయాలో ఈ రోజు చూద్దాం.

ఎక్కువమంది వాడే ఇ9 అనే శ్రుతి అమరికలో నాలుగో తీగ, ఎనిమిదో తీగ రెండూ ఇ స్వరాలే. నా వాయిద్యంలో ఎడమ మోకాలితో ఒక లీవరును కుడివైపు నెడితే రెండూ అరస్వరం దిగుతాయి. మరో లీవరును ఎడమవైపు నెడితే అరస్వరం ఎక్కుతాయి. ఇ స్వరాన్ని షడ్జమం అనుకుంటే దిగినప్పుడు కాకలి నిషాదం, ఎక్కినప్పుడు శుద్ధ రిషభం పలుకుతాయి. నాలుగో తీగ విషయంలో 329.6 హెర్ట్జ్ నుంచి 311.1 హెర్ట్జ్‌కు దిగడం అన్నమాట.

వీణ తెలిసినవారికి ఈ దిగడమే కొత్తగా అనిపిస్తుంది. వీణ మీద తీగను పక్కకు లాగితే స్వరం పైకే పోతుంది గాని కిందికి రాదు. పై నుంచి కిందికి జారే గమకం కావాలంటే కింది మెట్టు మీద ముందే లాగి పట్టుకుని, ఆ తరువాత సడలించాలి. పెడల్ స్టీల్‌లో మాత్రం మోకాలు కదిపితే చాలు, మామూలు స్థాయి కంటే కిందికే దిగుతుంది.

ఇప్పుడు లోపలికి చూడండి. తీగ చివర ఈ లోహపు ఫింగర్‌కు తగులుకొని ఉంది. శ్రుతి పెంచేటప్పుడు పెడల్‌కు తగిలించిన కడ్డీ ఈ ఫింగర్‌ను తిప్పి తీగను బిగిస్తుంది. పెడల్ వదలగానే తీగలో ఉన్న బిగువే దాన్ని వెనక్కి తెస్తుంది. దించేటప్పుడు జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. లీవరు తీగను లాగదు, వదులుతుంది. వదిలిన తీగను దాని బిగువుకు ఎదురుగా లాగి, మళ్లీ అది ఆగవలసిన ఆనిక మీద నిలబెట్టే పని అంతా ఈ చిన్న స్ప్రింగుదే.

ఈ సంగతి తెలియక నేను చాలా రోజులు ఇబ్బంది పడ్డాను. లీవరు వదిలాక నాలుగో తీగ ఆరేడు సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) తక్కువగా ఆగేది. నేను ప్రతిసారీ బిరడా బిగించేవాడిని. దానితో అరస్వరం ఎక్కించే లీవరు శ్రుతి కూడా చెడిపోయేది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి, అంటే ఒకే పనస దుంగతో, వీణలు చేసే పెద్దాయన ఒకరు మా ఇంటికి వచ్చినప్పుడు, ఈ అడుగుభాగాన్ని చాలాసేపు చూసి, "దీన్ని ఎనక్కి లాగేదేటి బాబూ?" అని అడిగారు. ఈ వాయిద్యాన్ని ఆయన అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఆ ప్రశ్నతోనే నా చూపు బిరడా మీద నుంచి స్ప్రింగు మీదికి మళ్లింది.

అయితే స్ప్రింగును ముట్టుకునే ముందు, పక్కపలకలో ఉన్న ఈ నైలాన్ నట్టును చూడాలి. లీవరు వదిలి ఉన్నప్పుడు దీనిని వేలితో కదిపితే వెంట్రుకవాసి అయినా ఆడాలి. ఆడకపోతే కడ్డీ ఎప్పుడూ లాగుతూనే ఉన్నట్టు; తీగ పూర్తిగా పైకి రాకపోవడానికి స్ప్రింగు కారణం కాదు. అప్పుడు నట్టును వదులు చేసి, దిగవలసినంత దిగేలా లీవరు ఆగే మరను ముందుకు జరపాలి. రెండు తీగలలో దేనికి ఎక్కువ కదలిక కావాలో దానిని బట్టి ఆ మరను పెట్టుకుని, మిగిలిన తీగను దాని నట్టుతో సరిచేయాలి. నట్టును కుడివైపు తిప్పితే స్వరం ఇంకా దిగుతుంది.

నట్టు ఆడుతూనే ఉండి, తీగ తక్కువ శ్రుతిలో ఆగుతుంటే అప్పుడు స్ప్రింగును బిగించాలి. కొన్ని వాయిద్యాలలో దీనికి మర ఉంటుంది, కొన్నింటిలో కొక్కేన్ని మరో రంధ్రానికి మార్చాలి. కొంచెం కొంచెంగానే బిగించండి, ఎందుకంటే అవసరానికి మించితే లీవరు మొరాయించి మోకాలు నొప్పిపుడుతుంది. ఎంత చాలో తెలియడానికి, అరస్వరం ఎక్కించే లీవరును నెట్టి పట్టుకుని, స్ప్రింగు తగిలించి ఉన్న ఈ దించే పట్టీ వైపు చూడండి. అది ఆనికను వదిలి కదిలిందంటే స్ప్రింగు ఇంకా బలహీనంగా ఉన్నట్టే. నాది మొదట బియ్యపు గింజ మందం కదిలేది.

తీగ తక్కువగా కాక, ఎక్కువ శ్రుతిలో ఆగితే దోషం ఈ చివర కాదు, ఆ చివర బిరడాల దగ్గర తీగ ఆని ఉండే రోలరులో ఉంటుంది. తీగ సడలినప్పుడు కాస్త బిరడా వైపు జారి, తిరిగి రావలసినప్పుడు మురికి వల్ల అక్కడే పట్టేస్తుంది. రోలరును తుడిచి, పలచని నూనె ఒక్క చుక్క వేస్తే చాలు.

ఆరో తీగను జి షార్ప్ నుంచి పూర్తి స్వరం దించుకునేవారు ఒక్కటి గమనించాలి. 0.020 అంగుళాల సాదా తీగ తీసి 0.022 చుట్టుతీగ వేస్తే, అదే స్వరానికి లీవరు చాలా ఎక్కువ దూరం కదలాలి. తీగ రకం మార్చిన రోజున సర్దుబాటు మొదటి నుంచి చేసుకోవలసిందే.

వాయిద్యాన్ని ఇప్పుడు కాళ్ల మీద నిలబెట్టాను. నాలుగో తీగను మీటి, లీవరు నెట్టి వదులుతున్నాను. ట్యూనరు సూది ఎక్కడ ఆగిందో తెర మీద చూడండి.