లప్పం కింద ఏముంది?

శ్రోతలకు నమస్కారం.

మా నాన్నగారి ఫియట్ పదకొండేళ్ల పాటు పెంకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది. 1984 మోడల్. కాగితాల మీద పేరు ప్రీమియర్ పద్మిని. మా ఇంట్లో, మా వీధిలో మాత్రం ఎప్పుడూ ఫియటే. దాన్ని బాగుచేయిస్తానని చెప్పగానే చుట్టాలూ స్నేహితులూ అందరూ అడిగింది ఒకటే: "ఇంజిన్ స్టార్టవుతుందా?"

అది రెండో ప్రశ్న. మొదటిది, బాడీ రేకు మిగిలి ఉందా అని. ఆ సంగతి తెలియడానికి నాకు బోలెడు డబ్బు వదిలింది.

ఫియట్ ఇంజిన్ 1,089 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక కార్బొరేటర్. పాతకాలం మెకానిక్ దొరికితే విప్పి, లేత్‌లో బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు వేసి తిప్పేస్తాడు. ఎంతవుతుందో కాస్త అటూ ఇటూగా ముందే చెప్తాడు. బాడీ అలా కాదు. జీపుకి, లారీకి కింద విడిగా ఛాసిస్ ఉంటుంది. పైన రేకు పోయినా కింద చట్రం బరువు మోస్తుంది. ఫియట్‌కి ఆ చట్రం లేదు, బరువంతా ఆ రేకుల డబ్బాదే. ఫ్లోరు, తలుపుల కింద పొడుగునా ఉండే గుల్ల భాగం, జాకీ పెట్టే చోటు తుప్పు తినేశాయంటే బండికి నడుం విరిగినట్టే.

మొదటిసారి ఒక షెడ్డులో ఇచ్చాను. నెల తిరక్కుండా తళతళలాడుతూ వచ్చింది. తొలి వానాకాలం దాటేసరికి వెనక చక్రం పైన రంగు అప్పడంలా పొంగింది. గోటితో గీకితే లప్పం, అంటే రంగుకి ముందు గుంతలు పూడ్చే పూత, పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. దాని వెనక రేకు లేదు, ఎర్రటి పొడి ఉంది. తప్పంతా వాళ్ల మీదకి నెట్టలేను. పండగలోపు రంగు పడాలని తొందరపెట్టింది నేనే.

ఇప్పుడు రెండోసారి. ఈసారి అయస్కాంతంతో మొదలుపెట్టాను. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మయినా చాలు, పల్చటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అక్కడ సుద్దముక్కతో గీయండి. తర్వాత సీట్లు, మ్యాట్లు తీసి, కిందికి దూరి, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. సుద్ద గీతలన్నీ పడ్డాకే టింకరింగ్, అంటే రేకు పని చేసే మేస్త్రిని పిలిచి లెక్క అడగాలి. ఆయన చెప్పిన దానికి ఇంకో మూడో వంతు కలుపుకోండి. పాత రంగు గీకితే కొత్త చిల్లు బయటపడని కారు నేనింతవరకు చూడలేదు.

విప్పేటప్పుడు ఫోటోలు తీయండి, నట్లు బోల్టులు చీటీలు అంటించిన సంచుల్లో వేయండి. ఇది అందరూ చెప్పేదే. మేస్త్రులు కూడా మర్చిపోయేది ఇంకోటుంది. కింది గుల్ల భాగం కోసేటప్పుడు కారు లోపల ఇనప రాడ్లు అడ్డంగా వెల్డింగ్ చేసి పెట్టాలి. లేదంటే బాడీ వంగుతుంది, తర్వాత తలుపు పడదు. కొత్త రేకు వేశాక, రంగుకి ముందే తలుపులు బిగించి వేసి చూసుకోవాలి.

సామాన్ల సంగతి. బొంబాయిలో నలుపు-పసుపు ట్యాక్సీలుగా తిరిగినన్నాళ్లు ఫియట్ సామానుకి కొదవ లేదు. ఆఖరి ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. కాబట్టి సొట్టపోయిన క్రోమ్ పట్టీ, పగిలిన లైటు అద్దం అయినా పారేయకండి. నమూనాకైనా కావాలి.

ఇంజిన్ తిరిగింది కదా అని వీధిలోకి తీయకండి. బ్రేకు సిలిండర్లు, రబ్బరు గొట్టాలు మార్చాకే.

అసలు ఒక్క నట్టు విప్పకముందే ఆర్‌సీ తీసి చూడండి. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ పెట్టించుకున్న ఫియట్లు చాలా ఉన్నాయి. అది ఆర్‌సీలో ఎక్కకపోతే రేపు ఆర్‌టీవో ఆఫీసులో టెన్షన్. విడి ఛాసిస్ లేకపోయినా ఛాసిస్ నంబరు మాత్రం ఉంటుంది, బాడీ మీదే కొట్టి ఉంటుంది. ఆ రేకు కోతలో పోకుండా చూసుకోండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. నంబరులో వీఏ అని వస్తుంది, కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు. మా ఫియట్‌కి ఆ వయసు రావాలంటే 2034 దాకా ఆగాలి. అప్పటిదాకా మామూలు ఆర్‌సీ, ఐదేళ్లకోసారి రెన్యువల్. ప్రస్తుతానికి అది తలుపుల్లేకుండా, ఒంటి నిండా సుద్ద గీతలతో షెడ్డులో ఉంది.

నమస్కారం.