ఆ చప్పుడు ఎప్పుడొస్తోంది?

శ్రోతలందరికీ నమస్కారం.

పాత కారు నడిపేవాళ్లందరికీ ఒక టెన్షన్ తెలుసు. నిన్నటిదాకా బాగానే తిరిగిన బండిలోంచి ఇవాళ ఏదో కొత్త చప్పుడు. వెంటనే పాటలు ఆపేస్తాం, అద్దాలు దించేస్తాం, పక్కవాళ్లను కాసేపు మాట్లాడొద్దంటాం. ఎక్కడినుంచి వస్తోందా అని చెవులు రిక్కించి వెతుకుతాం.

ఎక్కడినుంచి అన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆ చప్పుడు ఎప్పుడొస్తోంది? బండి స్టార్ట్ చేయగానేనా, వేగం అందుకున్నాకా? మలుపు తిప్పినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా? గుంతలో పడ్డప్పుడా, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మాత్రమేనా?

ఎందుకంటే, కారు ఒళ్లంతా రేకే. ముందు చక్రం దగ్గర పుట్టిన శబ్దం ఆ రేకును పట్టుకుని పాకి, మన సీటు కిందనుంచో డ్యాష్‌బోర్డు వెనకనుంచో వినపడుతుంది. ఎక్కడ అన్న విషయంలో చెవి సులువుగా మోసపోతుంది. ఎప్పుడు అన్న విషయంలో అంతగా మోసపోదు.

మా బాబాయి కారు సంగతి చెబుతాను. పదిహేనేళ్లు దాటిన బండి. ఆయనకు అదంటే ప్రాణం. ఒకరోజు ఫోన్ చేసి, ‘ఒరేయ్, ఒకసారి వచ్చి కూర్చో. నాకే వినపడుతోందో, నిజంగానే ఉందో చూడు’ అన్నారు. వెళ్లి కూర్చున్నాను. 40 కిలోమీటర్ల వేగం దాటేదాకా ఏమీ లేదు. దాటాక సన్నగా ‘హూం’ అని మొదలైంది. 60కి వచ్చేసరికి దూరంగా విమానం వెళ్తున్నట్టుంది. 80 దగ్గర ఆయన చెప్పేది నాకు సరిగ్గా వినపడలేదు.

‘ఎడమ పక్కనుంచే కదరా?’ అన్నారు బాబాయి. నాకూ అలాగే అనిపించింది. అప్పటికే ఆయనకు ఇద్దరు ముగ్గురు సలహాలిచ్చారు. ఒకరు టైర్లు మార్చమన్నారు. ఒకరు గేర్‌బాక్సు విప్పాలన్నారు. పాత బండి కదా, అమ్మేయమని ఇంకొకరు. ఈ మూడో సలహా వింటే నాకు బాధేస్తుంది. ఒక్క చప్పుడుకే బండిని వదిలేయడమేంటి!

ముందు ఇంజనా, చక్రాలా అన్నది తేలాలి. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్ తొక్కి చూశాం. ఇంజను గట్టిగానే మోగింది గానీ ఆ ‘హూం’ లేదు. తర్వాత ఎదురూ వెనకా బండ్లు లేని తిన్నటి రోడ్డు మీద, 60 వేగంలో, ఆయన గేరును న్యూట్రల్‌కి తెచ్చారు. ఇంజను చప్పుడు ఠక్కున దిగిపోయింది. ‘హూం’ మాత్రం అలాగే ఉంది. బండి నెమ్మదించే కొద్దీ అదీ నెమ్మదించింది. అంటే ఆ శబ్దానికి చక్రాల వేగంతోనే సంబంధం. ఒక్క జాగ్రత్త: న్యూట్రల్ చేయడమంటే ఇంజను ఆపేయడం కాదు. నడుస్తున్న బండిలో తాళం తిప్పేస్తే బ్రేకు పెడల్ గట్టిపడి తొక్కడం కష్టమవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, కొన్ని బండ్లలో లాకే పడిపోతుంది. ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

ఇక ముందుగా అనుమానించాల్సినవి టైర్లూ, చక్రాల బేరింగులూ. బేరింగంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో పెట్టే, ఉక్కు గుండ్లున్న రింగు. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం ఇలాగే రొద పెడుతుంది. అందుకని ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాం. రొద చోటూ మారలేదు, స్థాయీ మారలేదు. టైర్ల మీద అనుమానం చాలావరకు తీరిపోయింది. కొత్త టైర్లు కొనేముందు చేయాల్సిన పని ఇది. కాసేపటి పనే, పైగా ఖర్చు లేనిది.

ఆ తర్వాతి పరీక్ష నాకు మహా ఇష్టం. ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ స్టీరింగును మెల్లగా, చాలా మెల్లగా ఎడమకు తిప్పారు బాబాయి. రొద పెరిగింది. కుడికి తిప్పారు. తగ్గింది. మళ్లీ ఎడమకు, పెరిగింది. మళ్లీ కుడికి, తగ్గింది. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీదికి వాలుతుంది. బరువు పడ్డప్పుడు మూలిగేదే దెబ్బతిన్న బేరింగు. మా ఇద్దరి చెవులూ ఎడమ పక్క అంటున్నాయి, స్టీరింగ్ కుడి పక్క అంటోంది. స్టీరింగ్ మాటే నిలిచింది. ఇది నూటికి నూరుపాళ్లూ పనిచేసే సూత్రం కాదు, అందుకని చేత్తో పట్టి చూడాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పాం. ఆయన వెనక చక్రాల కింద దిమ్మలు పెట్టి, ముందు కుడి పక్క జాకీతో ఎత్తి, కింద స్టాండు నిలిపారు. పైనా కిందా పట్టి చక్రాన్ని ఊపి చూశారు. కదలిక ఏమీ లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి బేరింగు బాగుందంటారు. ఈయన ఆగలేదు. ‘మీరు వచ్చి ఇక్కడ పట్టుకోండి సార్’ అని నా వేళ్లను షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉండే స్ప్రింగు మీద పెట్టించి, తాను చక్రాన్ని చేత్తో తిప్పారు. వేళ్లకింద స్ప్రింగు గరగరలాడింది. చెవికి దాదాపు ఏమీ వినపడటం లేదు, వేళ్లకు మాత్రం తెలుస్తోంది. ఎడమ పక్క కూడా అలాగే చూశాం. అక్కడ స్ప్రింగు నిశ్శబ్దంగా ఉంది.

బేరింగు మార్చడం ఇంట్లో చేసుకునే పని కాదని నా అభిప్రాయం. దాన్ని ప్రెస్సు మీద పెట్టి నొక్కాలి, అదీ సరైన చోట. గూట్లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద నొక్కినా, సుత్తితో కొట్టినా, ఆ దెబ్బ మధ్యలో ఉన్న ఉక్కు గుండ్ల మీద పడి, అవి తిరిగే దారిలో నొక్కులు పడతాయి. అప్పుడు కొత్త బేరింగు కూడా కొన్నాళ్లకే మూలుగుతుంది. ఇరుసు చివరి నట్టు కొత్తది వేసి, టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో, కంపెనీ చెప్పినంతే బిగించాలి. మీరు మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఈ రెండే: ప్రెస్సు ఉందా? టార్క్ రెంచితో బిగిస్తారా?

విప్పిన పాత బేరింగును మెకానిక్ నా చేతిలో పెట్టారు. సీలు ఒకచోట ఎండి పగిలింది. అందులోంచి నీళ్లు దూరి గ్రీజు తుప్పు రంగుకి మారింది. లోపలి దారిలో ఒకచోట ఉక్కు పెచ్చులూడి, వేలుగోరు తగులుకునేంత గుంట పడింది. గుండ్లు దాని మీద దొర్లినప్పుడల్లా ఒక చిన్న దెబ్బ. వేగం పెరిగితే ఆ దెబ్బలన్నీ కలిసిపోతాయి. మనం విన్న ‘హూం’ అదే.

మిగతా చప్పుళ్లు త్వరత్వరగా చెప్పేస్తాను, సమయం తక్కువ. మలుపు బాగా తిప్పి మెల్లగా వెళ్తుంటే ‘టకటకటక’ అంటే, ముందు చక్రాలతో లాగే బండ్లలో ఇరుసు జాయింటు చూపించండి. తరచూ రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు పోయి ఉంటుంది. చల్లని ఉదయం స్టార్ట్ చేయగానే ‘కీచ్’ మంటే బెల్టు. బ్రేకు దగ్గర సన్నటి కీచుకీచు వస్తే ప్యాడ్లు అరిగాయేమో చూపించండి. కొన్ని ప్యాడ్లకు ఒక చిన్న రేకు ముక్క పెడతారు, ప్యాడు అరగ్గానే అది డిస్కుకు తగిలి అరిచి చెబుతుంది. ఇంజను ఒక ప్రత్యేకమైన వేగంలో ఉన్నప్పుడే ‘జుయ్’ మని రేకు అదిరితే, ముందుగా సైలెన్సర్ గొట్టం మీది వేడి ఆపే రేకు చూడండి. బోల్టు చుట్టూ తుప్పుపట్టి వదులవుతుంది. బండి చల్లారాక ఒక పెద్ద వాషరు వేసి బిగిస్తే చాలు. పీకి పారేయమంటారు కొందరు, ఒప్పుకోకండి. పైనున్న వైర్లనూ పైపులనూ వేడినుంచి కాపాడేది అదే.

ఇంజను దగ్గర శబ్దం వెతకడానికి మెకానిక్‌లు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటారు. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు, స్టెతస్కోపు పుట్టింది అలాగే. మెకానిక్ చేస్తున్నదీ ఆ పనే. దీన్ని గౌరవంగా చూడాలంటాను నేను. అయితే పక్కనే బెల్టు, ఫ్యాను తిరుగుతుంటాయి కాబట్టి అలవాటు లేనివాళ్లు ప్రయత్నించకండి.

ఆగకుండా నడపకూడని చప్పుళ్లు మూడున్నాయి. ఆయిల్ లైటు వెలిగి, ఇంజను లోపల ‘దబదబ’ మని బరువుగా కొట్టుకుంటుంటే పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపేయండి. బ్రేకు తొక్కగానే ఇనుము ఇనుమును గీరిన చప్పుడొస్తే బండి కదపకండి. చక్రం దగ్గర ‘ఠంగు ఠంగు’ మంటే నట్లు వదులయ్యాయేమో, దిగి చూడండి.

మిగతా వాటికి తొందరలేదు, కానీ ఆలస్యమూ వద్దు. ముందు ఒక కాగితం తీసుకోండి. బాబాయి కాగితం మీద ఇలా ఉంది: ‘40 దాటాక హూం. న్యూట్రల్‌లోనూ తగ్గదు. ఎడమకు తిప్పితే ఎక్కువ, కుడికి తక్కువ. బ్రేకుతో సంబంధం లేదు. నిలబడి ఉంటే రాదు.’ అంతే. అందులో బేరింగు అన్న మాట లేదు చూడండి. ఏ భాగం మార్చాలో మీరు చెప్పకండి. చెబితే అదే మారుస్తారు, చప్పుడు అలాగే ఉంటుంది. ఎప్పుడొస్తోందో చెప్పండి.

కాగితం ఇచ్చాక, మెకానిక్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒకసారి తిప్పి తీసుకురండి. రిపేరు అయ్యాక అదే రోడ్డు మీద, అదే వేగంలో మళ్లీ తిప్పండి, బిల్లు కట్టేముందే. ఒక్క చక్కరు కొట్టడానికి కూడా తీరిక లేదనే చోట బండిని వదలకండి. సెలవు.