తల మారినా గుర్రం దిగని రౌతు

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ బొమ్మను ఒక్క నిమిషం చూడండి. బలమైన గుర్రం, కవచం తొడుక్కున్న రౌతు, పక్కన శిరస్త్రాణం పట్టుకుని తలెత్తి చూస్తున్న కుర్రాడు. అన్నీ కుదిరాయి గానీ రౌతుకు తలే లేదు. మెడ పైన ఖాళీ కాగితం. అచ్చు చెడిపోయి ఇలా రాలేదు. రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీసే బొమ్మ ఇది. ఆ రేకు మీద ఒక తల చెరిపేశాక, ఇంకో తల చెక్కకముందు తీసిన ప్రతి. బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఈ భంగిమ అసలు ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌ది. 1633లో చిత్రకారుడు వాన్ డైక్ ఆయన్ని తెల్లగుర్రం మీద, విజయతోరణం కిందుగా వస్తున్నట్టు చిత్రించాడు. చార్లెస్ పొట్టివాడు, ఐదడుగుల నాలుగంగుళాలకు అటూ ఇటూ. వాన్ డైక్ ఆయన్ని గుర్రం ఎక్కించి, మనం నేల మీద నిలబడి చూస్తున్నట్టు గీశాడు. ఇక ఎత్తు సంగతి ఎవరికి గుర్తొస్తుంది? పక్కన నడుస్తున్న అశ్వశిక్షకుడు కూడా రాజు వైపు తలెత్తే చూస్తాడు. మనం ఎలా చూడాలో అతను ముందే చేసి చూపిస్తున్నాడన్నమాట. మన చౌరస్తా ఫ్లెక్సీల్లో చిన్న ఫోటోల వాళ్లంతా పెద్ద ఫోటోకి దండం పెడుతూ ఉంటారు చూడండి, ఆ పనే.

అప్పట్లో ఆ పెయింటింగ్ ఉన్నది రాజుగారి ప్యాలెస్‌లో. లోపలికి వెళ్లగలిగినవాళ్లకే దర్శనం. అచ్చుబొమ్మ అలా కాదు, దుకాణంలో అమ్ముతారు, కొన్నవాడి ఇంటికి పోతుంది. అందుకే పాలకులకు దాని మీద ఆశా ఎక్కువే, భయమూ ఎక్కువే. తన ముఖాన్ని ఎవరు పడితే వాళ్లు గీయకుండా ఆపాలని మొదటి ఎలిజబెత్ హయాంలో, 1563లోనే ఒక ప్రకటన ముసాయిదా తయారైంది.

మళ్లీ మన రౌతు దగ్గరికి వద్దాం. 1649 జనవరి 30న చార్లెస్ తల నరికారు. మరణశాసనం మీద 59 మంది సంతకాలుంటే, మూడోది రాజు మీద పోరాడిన పార్లమెంటు పక్షపు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్‌ది. ఆయన 1653లో లార్డ్ ప్రొటెక్టర్, అంటే రాజు లేని దేశానికి పాలకుడు అయ్యాడు. ఆ రోజుల్లో పియెర్ లోంబార్ అనే ఫ్రెంచి చెక్కుడు కళాకారుడు వాన్ డైక్ కూర్పునే ఆధారం చేసుకుని ఈ రాగిరేకు చెక్కాడు. రాజు తల తీయించినవాడి తల రాజుగారి భంగిమ మీదికి ఎక్కింది! తర్వాత అదే రేకు మీద ఆ తలను చెరిపి చార్లెస్ తల చెక్కారు కూడా.

ఇందులో సిద్ధాంతం కంటే వ్యాపారమే ఎక్కువని నా అనుమానం. ఇంత పెద్ద రేకు చెక్కడం చాలాకాలం పట్టే పని. గుర్రం జూలు, కవచం మీద మెరుపు, అన్నీ సన్నటి గీతలే. ముఖం ఉండేది కొద్దిపాటి చోటులో. అక్కడ గీకి, నునుపు చేసి, గుంట పడ్డచోట రేకును వెనక నుంచి సుత్తితో తట్టి పైకి తెస్తే మళ్లీ చెక్కుకోవచ్చు. కింద పేరు మారిస్తే సరి. అయితే ఆ బేరం సాగడానికి కారణం కొనేవాళ్లు కూడా. ఆ గుర్రం మీద ఎవరిని కూర్చోబెట్టినా ఏలేవాడిలాగే కనిపిస్తాడు. రాజరికమే వద్దన్నవాళ్లు సైతం అధికారాన్ని చూపడానికి వేరే బొమ్మ వెతుక్కోలేదు. నాకు ఇందులో అన్నిటికంటే తమాషాగా అనిపించేది అదే.

ఫ్రాన్స్‌లో దారి వేరు. రొబేర్ నాంతెయ్ అనే కళాకారుడు రేకుల మీద చెక్కిన ముఖాల బొమ్మల్లో గుర్రాలూ తోరణాలూ అరుదు. కోలగా ఒక చట్రం, కింద పీఠం, వంశచిహ్నం, బిరుదులు, మధ్యలో మనిషి. హోదా చెప్పే పని చట్రానికి అప్పగించి, తను చర్మం, కళ్లు, పెదవుల మీద దృష్టి పెట్టేవాడు. బట్టలు, చట్రం లాంటివి చాలాసార్లు సహాయకుల చేత చెక్కించేవాడు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఈ కళ విలువ పట్టేశాడు. చెక్కుడు పని వృత్తిసంఘాల కట్టుబాట్లకు లోబడదనీ, అది స్వేచ్ఛాకళ అనీ 1660లో శాసనం చేశాడు. నాంతెయ్‌కి అంతకు రెండేళ్ల ముందే ఆస్థాన పదవి ఇచ్చాడు. తన ముఖాన్ని అతని చేత ఒక్కసారి కాదు, పదేపదే చెక్కించుకున్నాడు. వయసు పెరిగే కొద్దీ కొత్త రేకు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.