పాలు తోడేశాక లోపల ఏం జరుగుతుంది? బ్యాక్టీరియా విభజన, మన కణ విభజన

[తెర మీద: గిన్నెలో గోరువెచ్చని పాలు, చెంచాతో తోడు కలుపుతున్న చెయ్యి]

నమస్తే. మే నెలలో నల్గొండలో పొద్దున పాలు తోడేస్తే మధ్యాహ్నం అన్నం టైముకే పెరుగు రెడీ. ఇంకాస్త ఆలస్యమైతే పులుపుకు నోట్లో పెట్టలేం. అదే డిసెంబర్‌లో గిన్నెకు తువ్వాల చుట్టిపెట్టినా ఒక్కోసారి తెల్లారేదాకా తోడుకోదు. పాలు అవే, తోడు అదే. చలికి తోడులోని బ్యాక్టీరియా రెండయ్యే వేగం తగ్గింది, అంతే.

ఇట్లా రెండవడాన్నే ద్విధావిచ్ఛిత్తి అంటారు. బైపీసీ పిల్లలు రెండు లైన్లు బట్టీపట్టి వదిలేస్తారు గానీ, అసలు మజా అందులోనే ఉంది.

[తెర మీద: వలయాకారపు డీఎన్‌ఏ]

శాస్త్రవేత్తలు బాగా చదివిన ఈ.కోలై అనే బ్యాక్టీరియాను చూద్దాం. కేంద్రకం లేదు, ఉన్నది ఒకటే క్రోమోజోము. అందులో సుమారు 46 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు, అంటే ఏ, టీ, జీ, సీ అనే చిన్న ముక్కలు. కాపీ ఒక చోట మొదలై రెండు వైపులా పోతుంది, ఒక్కో వైపు సెకనుకు దాదాపు 1000 అక్షరాలు. మొత్తానికి 40 నిమిషాలు. తర్వాత ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్ కణం నడుమ చేరుతుంది, అక్కడ కొత్త గోడ లేస్తుంది, కణం రెండవుతుంది.

ఆగండి, లెక్క కుదరట్లేదు. మంచి తిండి, 37 డిగ్రీల వేడి దొరికితే ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. కాపీకే 40 పడితే ఇదెట్లా?

మొదటి కాపీ అవ్వకముందే రెండోది మొదలుపెడుతుంది! కూతురికి పోయే డీఎన్‌ఏ మీదే మనవరాలి కాపీ నడుస్తుంటుంది. కూతురింకా పుట్టనే లేదు.

[తెర మీద: సూక్ష్మదర్శినిలో ఉల్లిగడ్డ వేరు కొన]

మన కణం ఈ పని చేస్తే కొంప మునిగినట్టే. 46 క్రోమోజోములు, 600 కోట్లకు పైగా అక్షరాలు. కాపీ వేగమా, సెకనుకు ఏ 50 అక్షరాలో. అందుకే వేల చోట్ల మొదలుపెడుతుంది, అయినా ఎనిమిది గంటలు పడుతుంది. ఒకసారి కాపీ అయిన చోట, విభజన ముగిసేదాకా మళ్లీ మొదలవ్వనివ్వదు. తర్వాత కండె తంతువులు, అంటే క్రోమోజోములను రెండు వైపులకు లాగే సన్నని దారాలు, వాటిని పట్టుకుంటాయి. ఒక్కదానికి తంతువు సరిగ్గా అందకపోయినా మిగతావన్నీ ఆగాల్సిందే.

ఇట్లాంటి విభజనే ఉల్లి వేరులోనూ చూడొచ్చు. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద పెట్టి, వేరు కొనకు ఎసిటోకార్మైన్ రంగేసి స్లైడ్ మీద నలిపి చూడండి. ఎక్కువ కణాల్లో కేంద్రకం గుండ్రంగానే ఉంటుంది, అక్కడక్కడ మాత్రమే క్రోమోజోములు విడిగా కనిపిస్తాయి. సమవిభజన (క్రోమోజోములు రెండు కణాలకు సమానంగా పంచుకునే ఈ విభజన) కంటే దానికి తయారీయే ఎక్కువసేపు మరి.

ఇంకోటి. బ్యాక్టీరియాకు విభజనే సంతానం. మనకది పెరగడానికి, గాయం మానడానికి. పిల్లలు పుట్టాలంటే క్రోమోజోములను సగానికి తగ్గించే క్షయకరణ విభజన వేరే ఉంది, దానికి ఇంకో వీడియో కావాలి.

[తెర మీద: ల్యాబ్‌లో కల్చర్ సీసాలు]

అన్ని బ్యాక్టీరియాలకూ ఈ దూకుడు లేదు. టీబీ బ్యాక్టీరియా రెండవడానికి దాదాపు 20 గంటలు తీసుకుంటుంది, ఇంచుమించు మన కణమంత నిదానం. తెమడ కల్చర్‌కు ఇచ్చి వారాల తరబడి రిపోర్ట్ రాలేదని ల్యాబ్ వాళ్లను తిట్టుకోకండి. సీసాలో అవి పెరగాలి కదా!