ఆడపడుచు లాంఛనం ఆచారమేనా?

నమస్కారం. పెళ్లి మాటలు జరిగే ఇంట్లో ఈ మాట మీరు వినే ఉంటారు. "మాకేమీ వద్దండీ. మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం. ఆడపడుచు లాంఛనాలు మాత్రం ఆచారం ప్రకారం జరిపించండి."

అంతే, అమ్మాయి తండ్రి నోరు కట్టుబడిపోతుంది. ఇంత కావాలని సూటిగా అడిగితే బేరమాడవచ్చు, కుదరదని లేచి రావచ్చు. ఆచారం అన్నాక ఎదురు చెబితే మర్యాద తెలియని మనిషని ముద్ర పడుతుంది. అడిగినట్టూ ఉండదు, వదిలినట్టూ ఉండదు. ఈ రోజు ఆ మాట సంగతే తేల్చుకుందాం.

మనం ఎలా నడుచుకోవాలో చెప్పే మాటలు తెలుగులో బోలెడు ఉన్నాయి. అన్నిటినీ కలగాపులగంగా వాడేస్తాం గానీ, దేని అధికారం దానిదే. నియమం మనిషి తనకు తాను పెట్టుకునేది. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు చన్నీళ్ల స్నానం చేసి నేలమీద పడుకుంటారు. పక్కింటివారు కూడా అలాగే పడుకోవాలని ఎవరూ అనరు. నిబంధనకు రెండు పక్షాలు కావాలి. బైబిలును పాత నిబంధన, కొత్త నిబంధన అంటున్నామంటే దేవుడికీ మనుషులకూ మధ్య కుదిరిన ఒడంబడిక అనే అర్థంలోనే. కట్టుబాటు ఊరిదో కులానిదో. అందులో కట్టు ఉంది, దాన్ని దాటినవాళ్లను వెలివేసిన చరిత్ర కూడా ఉంది. కొత్త అల్లుణ్ణి సంక్రాంతికి పిలవడం ఆనవాయితీ. ఒక ఏడాది పిలవలేకపోతే నిష్ఠూరాలు వస్తాయేమో గానీ శిక్ష ఎవరూ వేయరు.

ఆచారం వీటన్నిటికంటే బరువైనది. ఎందుకంటే దాన్ని చట్టం కూడా గౌరవిస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టమే చూడండి. మేనమామ మేనకోడలిని చేసుకోవడం, మేనత్త కొడుకును మేనమామ కూతురు చేసుకోవడం ఆ చట్టం లెక్కలో నిషిద్ధ బంధుత్వాలు. అలాంటప్పుడు మన ఊళ్లలో జరిగిన మేనరికాలన్నీ ఏం కావాలి? ఏమీ కావు. వధూవరులిద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుందని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. పార్లమెంటు రాసిన నిషేధాన్ని మన అమ్మమ్మల కాలం నాటి అలవాటు పక్కకు జరిపింది. ఆచారానికి ఉన్న బలం అంతటిది.

అంత బలం ఇచ్చింది కాబట్టే చట్టం దానికి పరీక్ష కూడా పెట్టింది. ఎవరో ఒకరు మా ఆచారం అన్నంత మాత్రాన సరిపోదు. అది చాలాకాలంగా, తెంపు లేకుండా, అందరూ ఒకే తీరుగా పాటిస్తున్నదై ఉండాలి. ఇది ఫలానా అని కచ్చితంగా చెప్పగలగాలి. అన్యాయంగా ఉండకూడదు, ప్రజాహితానికి విరుద్ధం కాకూడదు. ఒక కుటుంబానికి మాత్రమే చెందిన ఆచారమైతే, ఆ కుటుంబం మధ్యలో మానేసి ఉండకూడదు.

ఇప్పుడు ఆడపడుచు లాంఛనం పేరుతో అడిగే లక్షలను ఈ పరీక్షకు నిలబెట్టండి. తెంపు లేకుండా వస్తోందా? మన సమాజంలో ఎన్నో కులాల్లో ఒకప్పుడు నడిచింది ఓలి. అంటే డబ్బు అబ్బాయి ఇంటి నుంచి అమ్మాయి ఇంటికి వెళ్లేది. అదీ మంచిదని నేను అనను, ఆడపిల్లకు వెల కట్టడమే అది. కానీ డబ్బు నడిచే దిక్కే మారిపోయిన చోట అనాదిగా వస్తోందని ఎలా అంటారు? పోనీ, ఒకే తీరుగా ఉందా? అబ్బాయి ఉద్యోగాన్ని బట్టి, వీసాను బట్టి, అమ్మాయి తండ్రికి ఉన్న పొలాన్ని బట్టి అంకె మారిపోతుంది. మనిషిని చూసి పెరిగేది ధర. ఇక ప్రజాహితం సంగతి చెప్పనవసరమే లేదు, 1961 నుంచి వరకట్నం నేరం. ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే. కనీసం అయిదేళ్ల జైలు అని ఆ తరువాత సవరణలో రాశారు.

మరి లాంఛనం అనే మాట ఎందుకు వచ్చింది? చట్టంలో ఒక చిన్న వాకిలి ఉంది. ఎవరూ అడగకుండా ఇచ్చి, జాబితాలో రాసిన కానుకలను అది తప్పు పట్టదు. అమ్మాయి వైపువారు పెళ్లికొడుకుకు ఇచ్చేవైతే అవి ఆచారంగా ఇచ్చే తరహావై కూడా ఉండాలి, ఇచ్చేవారి స్తోమతకు మించకూడదు. కూతురికి తల్లి పెట్టే గొలుసును నేరం అనకూడదని వదిలిన వాకిలి అది. అందులోంచే లక్షల సంచీని లోపలికి తెస్తున్నారు. కట్నం అనరు, లాంఛనం అంటారు. అడగడం అనరు, గుర్తు చేయడం అంటారు.

లాంఛనం అంటే గుర్తు, చిహ్నం. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు అంటే జెండా కప్పడం, గాలిలోకి తుపాకులు పేల్చి వందనం చేయడం. అక్కడ ఎవరి చేతికీ సొమ్ము అందదు. ఆడపడుచును పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీరా రవికా పసుపు కుంకుమా చేతికిస్తే అది నిజమైన లాంఛనం. ఇంటి ఆడపిల్లను పెళ్లి హడావుడిలో మరిచిపోలేదని చెప్పడమే దాని పని. ఆ పలకరింపు అంటే నాకు ఎంతో ఇష్టం, అది పోకూడదు. దాని చాటున బ్యాంకు ఖాతా నంబరు పంపడం చూస్తేనే కడుపు మండుతుంది. మామూలు అనే మాట మన కళ్ల ముందే చెడింది కదా. ఎప్పుడూ ఉండేది అనే అర్థం ఉన్న మాట, మామూళ్లు అనగానే లంచాలైపోయింది. లాంఛనానికి అదే గతి పట్టనివ్వకండి.

చేయగల పని ఒకటుంది. కానుకల జాబితాల గురించి 1985లో ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. పెళ్లికూతురికి వచ్చినవాటి జాబితా ఆమె దగ్గర, పెళ్లికొడుకుకు వచ్చినవాటి జాబితా అతని దగ్గర ఉండాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఇచ్చినవారి పేరేమిటి, చుట్టరికం ఏమిటి అన్నీ రాసి, కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. పెళ్లినాడే, లేదంటే ఆ తరువాత వీలైనంత త్వరగా రాయాలి. మా ఆచారం ప్రకారమే అడుగుతున్నాం అనే పెద్దమనిషికి తాంబూలాలు పుచ్చుకునే రోజునే ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. "అలాగేనండీ, మీరు అన్నది కూడా ఇందులో రాయించి సంతకాలు తీసుకుందాం" అనండి. ఈ మాట అబ్బాయే ముందుగా అంటే మరీ మంచిది, ఎందుకంటే అప్పుడు అమ్మాయి తండ్రి నోరు తెరవాల్సిన అవసరమే రాదు.